నూట ఇరవై దగ్గర ఆగిన ముల్లు

తూకాల గుమాస్తా తన వేగంతో తన భార్యనే చంపుకున్నాడని ఆ పేటలో నమ్మనివాళ్ళు లేరు. నమ్మడానికి వాళ్ళు పెద్దగా కష్టపడవలసిన పని కూడా లేకపోయింది. నుజ్జయిన కారులో స్పీడు మీటరు ముల్లు నూట ఇరవై మీద నిలిచిపోయి ఉన్న ఫొటో ఒకటి ప్రమాదం జరిగిన గంటలోపే చేతులు మారి, తెల్లవారేసరికి ఫోనున్న ప్రతి ఇంటికీ చేరింది. ఆ రోడ్డు మీద ఎనభై దాటకూడదని రెండు మైళ్ళకొక బోర్డు ఉంది. టీకొట్టు దగ్గర ఆ నూట ఇరవై కొన్నాళ్ళు నూట నలభై అయింది. మంగలి దుకాణంలో నూట అరవై కూడా పలికింది. తాగి నడిపాడని ఒకాయన, ఇంట్లో గొడవపడి బయల్దేరాడని ఇంకొకాయన తమ వంతు కలిపారు. అయితే ఎవరైనా ఫొటో తీసి చూపిస్తే అందరూ బుద్ధిగా నూట ఇరవైకి దిగి వచ్చేవారు. కాబట్టి ఆ పేట వట్టి గాలిమాట పట్టుకుని వేలాడిందని అనడానికి వీల్లేదు. వాళ్ళ దగ్గర సాక్ష్యం ఉంది.

ఆ సాక్ష్యం కింద సంతకం పెట్టినవాడు గుమాస్తాకు స్వయానా అన్న.

అన్నగారిది మీటర్లు బాగుచేసే వృత్తి. బస్సు డిపోకు వెళ్ళే వీధిలో, టైర్ల కొట్టుకూ తాళాల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న గదిలో ముప్ఫై ఏళ్ళుగా అదే బల్ల, అదే దీపం, కంటికి బిగించుకునే అదే భూతద్దం. పేటలో ఆయన్ని మేస్త్రి అనేవారు. చూపు పోయిన ముళ్ళకు ఆయన చూపు తెప్పిస్తాడనీ, ఆయన సరిచేసిన మీటరు అబద్ధమాడమన్నా ఆడలేదనీ డ్రైవర్లు చెప్పుకునేవారు. ఆయనా దాన్ని కాదనలేదు. బాగుచేసిన మీటరును కారులో పెట్టి రోడ్డు మీద తిప్పి చూడడం ఆయనకు చిన్నతనం. రోడ్డు మీద గాలి ఉంటుంది, గుంట ఉంటుంది, అన్నిటికీ మించి మనిషి కన్ను ఉంటుంది. ఈ మూడింటినీ నమ్మలేమనీ, బల్ల మీద తేలిన లెక్కే లెక్క అనీ ఆయన సిద్ధాంతం. శాస్త్రం తెలిసినవాడి సిద్ధాంతంలాగే వినిపించేది. ఎవరూ ఎదురాడలేదు.

తమ్ముడు ఊరి చివర గోదాములో తూకాల గుమాస్తా. లారీ వచ్చి వేదిక మీద నిలబడితే ముల్లు ఎక్కడ ఆగిందో చూసి రాయడం అతని పని. పది కిలోలు అటూ ఇటూ చేయమని బతిమాలిన డ్రైవర్లకు ఇరవై ఏళ్ళుగా ఒకటే జవాబు: ముల్లు చూపించిందే రాస్తాను. అన్నదమ్ములిద్దరూ ముల్లుకు పుట్టారని మరదలు, అంటే తమ్ముడి భార్య, ఎగతాళి చేసేది.

తమ్ముడి కారుది పాత పెట్రోలు ఇంజిను. అది నూనె తాగడం మొదలుపెట్టి, చివరికి ఒకరోజు చౌరస్తాలో పొగ కక్కి కూలబడింది. నట్టు అని పేరుపడిన మెకానిక్ ఒకడు పాతసామాన్ల యార్డు నుంచి డీజిలు ఇంజినూ దాని గేరుబాక్సూ తెచ్చి, నాలుగు వారాలు కుస్తీపట్టి కారులో కూర్చోబెట్టాడు. ఇంజిను ఎక్కింది గాని కారు ముందున్న మీటర్లకు ఆ సంగతి తెలియదు. అవి ఇంకా చచ్చిపోయిన పెట్రోలు ఇంజినుకే కాపలా కాస్తున్నాయి. వాటికి కొత్త యజమానిని పరిచయం చేసే పని మేస్త్రిది.

ఆ పని ఆయన ముచ్చటపడి చేశాడు. ఇంజిను చుట్లు చూపే మీటరుకు పాత దారిలో సంకేతం రాదు. డీజిలుకు నిప్పురవ్వ ఉండదు గనక ఆ రవ్వను లెక్కపెట్టే వీలు లేదు. బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు నుంచి తీగ లాగి లెక్క కుదిర్చాడు. ఇంజిను దాటకూడని హద్దు చూపే ఎర్రగీత ఆరున్నర వేల దగ్గర ఉంటే దాన్ని చెరిపి నాలుగున్నర వేల దగ్గరకు దించి, డయలును కొత్తగా అచ్చు వేయించాడు. వాడని ఒక బల్బు స్థానంలో, ఇంజిను వెచ్చబడేదాకా ఆగమని చెప్పే దీపం పెట్టాడు. వేడి చూపే ముల్లును మరిగే నీళ్ళ గిన్నెలో సెన్సారు ముంచి సరిచూశాడు. మిగిలింది స్పీడు మీటరు. గేరుబాక్సు లోపల ఒక పళ్ళచక్రం ఉంటుంది. అది తిరుగుతుంటే ఒక్కో పన్నుకూ ఒక్కో సంకేతం బయటికి వస్తుంది. ఆ సంకేతాలను లెక్కించే ముల్లు వేగాన్నీ, దాని కింది అంకెలు వెళ్ళిన దూరాన్నీ చెబుతాయి. ఆ రకం గేరుబాక్సుకు పన్నెండు పళ్ళని కంపెనీ పుస్తకంలో ఉంది. మేస్త్రి పన్నెండుకు లెక్క కట్టాడు. తరవాత బల్ల మీద, సంకేతాలు పుట్టించే పెట్టెను చుట్టుకు పన్నెండుకే తిప్పి పరీక్షించాడు. ముల్లు వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది.

మీటర్లు బిగించిన రోజున మరదలు ముందు సీట్లో కూర్చుని కొత్త డయలు చూసి, “బావగారూ, మొహం మార్చారు సరే, మీ తమ్ముడికి కూడా ఇలాంటిదొకటి అచ్చు వేయించలేకపోయారా?” అంది. తమ్ముడు అద్దంలో మొహం చూసుకుని, ఎర్రగీత ఎక్కడ పెట్టాలో నీకే తెలుసు కదా అన్నాడు. వెనక సీట్లో వాళ్ళ కూతురు, అప్పటికి పదమూడేళ్ళది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే నవ్వింది.

మూడో రోజు మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు. గోదాము ఎవరో రాత్రికి రాత్రి దూరంగా జరిపినట్టున్నారనీ, రోజూ పదహారు కిలోమీటర్లుండేది ఇవాళ ఇరవై నాలుగు అయిందనీ, ముల్లు కూడా కాస్త ఉరుకుతున్నట్టు ఉందనీ చెప్పాడు. మేస్త్రి భూతద్దం తీయకుండానే నవ్వాడు. వంతెన దగ్గర రోడ్డు తవ్వారు కదా, చుట్టు తిరిగి వెళ్ళి ఉంటావన్నాడు. నిజమే, తమ్ముడు ఆ రోజు వంతెన పక్కనున్న మట్టిదారినే వెళ్ళాడు, అయితే ఆ చుట్టు వంద గజాలే.

“పాత ఇంజిను గుడగుడలాడేది గనక నలభైకే వంద అనిపించేది నీకు. ఇది నున్నగా పోతుంది, అందుకే తెలియదు. ముల్లుని అనుమానించకురా. ఒళ్ళుని అనుమానించు.”

“నీ మాటే నిజంలే అన్నయ్యా. నా బతుకంతా ముల్లు మీదే కదా,” అన్నాడు తమ్ముడు.

ఆ సాయంత్రం, ఇంకా పూర్తిగా చీకటి పడకముందు, భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రిలో ఉన్న ఆమె అక్కను చూసి తిరిగి వస్తున్నారు. మలుపు దాటగానే రోడ్డు మధ్యలో చెడిపోయిన లారీ, దీపాల్లేకుండా. బ్రేకు గుర్తులు రోడ్డు మీద పడలేదు. తొక్కే వ్యవధి దొరకలేదు. కారు కుడికి మళ్ళి, ఆమె కూర్చున్న ఎడమ వైపు లారీ వెనక భాగానికి తగిలింది. బ్యాటరీ పగిలింది. అలాంటి మీటర్లలో కరెంటు తెగిన క్షణాన ముల్లు ఎక్కడుంటే అక్కడే నిలిచిపోతుంది. నిలిచిపోయింది.

పోలీసులు మీటరు బోర్డు ఊడదీసి తెచ్చి మేస్త్రి బల్ల మీదే పెట్టారు. ఆ పని తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. సొంత తమ్ముడి కేసు కదా, వద్దంటే వేరే ఊరు పంపుతామని ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడు. మేస్త్రికి ఆ మర్యాద అవమానంలా తగిలింది. తమ్ముడి కోసం తన మీటరు మీద తానే అనుమానం పెట్టుకుంటాడని లోకం అనుకోకూడదనుకున్నాడు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతోనే కూర్చుని, సంకేతాల పెట్టెకు తీగలు కలిపి, చుట్టుకు పన్నెండు చొప్పున పంపాడు. నలభైకి నలభై. ఎనభైకి ఎనభై. నూట ఇరవైకి నూట ఇరవై. ఇన్‌స్పెక్టరు మూడుసార్లు చేయించి చూశాడు. మూడుసార్లూ ముల్లు మాట తప్పలేదు.

పన్నెండుతో కట్టిన లెక్కను పన్నెండుతోనే సరిచూస్తే ఎన్నిసార్లు చూసినా సరిగానే వస్తుంది. ఆ బల్ల దగ్గర ఆ రోజు నలుగురు ఉన్నారు. ఆ మాట ఎవరికీ తోచలేదు. తోచవలసినవాడికి అసలే తోచలేదు. ఆయన కాగితం మీద, మీటరు నిర్దుష్టంగా ఉన్నదని రాసి, కింద సంతకం పెట్టాడు.

కోర్టులో తమ్ముణ్ణి ఎంత వేగంతో వెళ్ళావని అడిగారు. తనకు మెల్లగా వెళ్తున్నట్టే అనిపించిందనీ, ఆ సాయంత్రం ముల్లుకేసి చూడలేదనీ అన్నాడు. మరి నూట ఇరవై సంగతేమిటని అడిగారు. “ముల్లు అంత చూపిస్తే అంతేనండి. మా అన్నయ్య కట్టిన మీటరు,” అన్నాడు. లారీవాడికి జరిమానా పడింది. ఇతనికి ఏడాది శిక్ష పడింది. గోదాము వాళ్ళు వేదిక దగ్గర ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకున్నారు.

ఏడాది తరవాత బయటికి వచ్చి, అన్నగారి ఇంటి మేడ మీది గదిలో చేరాడు. పగలంతా కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. పిలిస్తే కిందికి దిగి రెండు మెతుకులు కతికి, చెయ్యి కడుక్కుని మళ్ళీ మెట్లెక్కేవాడు. కూతురు అప్పటికే అదే ఇంట్లో పెదనాన్న మేస్త్రి, ఆయన భార్య పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి భోజనానికి దిగే వేళకు ఆ పిల్ల పుస్తకాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. ఒకే కప్పు కింద ఏడాది పాటు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. పెద్దమ్మ ఒకసారి బతిమాలబోతే, “అమ్మ కారెక్కిన ప్రతిసారీ మెల్లగా అనేది. ఆ ఒక్కరోజు వినుంటే సరిపోయేది,” అని ఊరుకుంది. మేస్త్రి తలుపు చాటునుంచి విన్నాడు. తమ్ముడి మీద ఆయనకూ లోలోపల అదే కోపం. ఆ కోపాన్ని దాచుకుని, కంచంలో వడ్డించి, తాను మంచి అన్ననని అనుకుంటూ వచ్చాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం టాక్సీ డ్రైవరొకడు వచ్చాడు. అతనూ కారుకు అదే రకం డీజిలు ఇంజిను వేయించుకున్నాడు. అదే యార్డు, అదే నట్టు. మీటర్లు కుదర్చమన్నాడు. మేస్త్రి పన్నెండుకు లెక్క కట్టి, బల్ల మీద చూసి, ఇచ్చి పంపాడు. సాయంత్రానికి డ్రైవరు తిరిగొచ్చి గుమ్మంలోనే గొంతు లేపాడు.

“మేస్త్రిగారూ, స్టేషన్నుంచి ఆసుపత్రికి నా చిన్నప్పట్నుంచీ పది కిలోమీటర్లు. ఇవాళ పదిహేనయింది. ఆసుపత్రి నడిచిందా? ప్యాసింజరు నన్ను దొంగ అన్నాడు.”

మేస్త్రి నోటి దాకా పాత జవాబే వచ్చింది. ముల్లుని అనుమానించకు అనబోయాడు. ఆ మాట అంతకుముందు ఎవరితో అన్నాడో గుర్తొచ్చింది. పదహారు, ఇరవై నాలుగు. పది, పదిహేను. ఆయన చదివింది కొద్దే అయినా ఆ రెండు జతలూ ఒకే నిష్పత్తి అని గ్రహించడానికి కాగితం అక్కర్లేదు.

కారును జాకీ మీద లేపించాడు. గేరుబాక్సు నుంచి వెళ్ళే కడ్డీకి సుద్దముక్కతో గీత గీసి, సంకేతాలు లెక్కించే పెట్టె కలిపి, చేత్తో సరిగ్గా ఒక చుట్టు తిప్పాడు. పెట్టె పద్దెనిమిది అంది. సున్నా చేసి మళ్ళీ తిప్పాడు. పద్దెనిమిది. చక్రాన్ని వెనక్కి తిప్పాడు. పద్దెనిమిది. కంపెనీ పుస్తకం మొదటి విడత గేరుబాక్సుల కోసం అచ్చయింది. తరవాతి విడతలకు చక్రం మార్చారు. పుస్తకాన్ని ఎవరూ మార్చలేదు. పుస్తకం తెరిచినవాడు గేరుబాక్సు తెరిచి చూడలేదు.

“ఏమైందండీ? మొహం అలా అయిపోయిందేంటి? అంత పెద్ద రిపేరా?” అన్నాడు డ్రైవరు, కాస్త తగ్గి. మేస్త్రి అతని మీటరును పద్దెనిమిదికి మార్చి, చేసిన పనికి ఏమీ పుచ్చుకోకుండా, తనే పక్కన కూర్చుని స్టేషన్నుంచి ఆసుపత్రి దాకా వెళ్ళాడు. పది కిలోమీటర్లే వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో తాను కట్టిన మీటరు వెంట రోడ్డు మీద వెళ్ళడం ఆయనకు అదే మొదలు.

అయినా ఒకే యార్డు నుంచి వచ్చినంత మాత్రాన రెండు గేరుబాక్సులూ ఒకటే కానక్కర్లేదని మనసు ఒక సందు వెతుక్కుంది. మరునాడు పోలీసు స్టేషను వెనక, తుప్పుపట్టిన వాహనాల మధ్య తమ్ముడి కారు దగ్గరకు వెళ్ళాడు. కేసు ముగిసిన సామానే గనక తీసుకెళ్ళవచ్చని కాపలా పోలీసు అన్నాడు. నట్టు వచ్చి కారు కింద దూరి గేరుబాక్సు మూత విప్పి, అరచేతిలో ఇమిడే చక్రాన్ని బయటికి తీశాడు. మేస్త్రి ఎండలో నిలబడి గోటితో ఒక్కో పన్నూ తాకుతూ లెక్కపెట్టాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరకు వెళ్ళి, తన ధ్రువపత్రం తప్పని రాసిచ్చాడు. పాత ఇన్‌స్పెక్టరు బదిలీ అయ్యాడు. కొత్తాయన కాగితం చదివి, శిక్ష కూడా పూర్తయ్యాక ఇప్పుడు దీంతో ఎవరికి ప్రయోజనమండీ అని నెమ్మదిగానే అడిగి, ముద్ర వేసి పక్కన పెట్టాడు. టీకొట్టు దగ్గర మేస్త్రి నిలబడి, ఎవరూ అడక్కుండానే, తప్పు తనదని చెప్పాడు. చక్రం చూపించాడు, లెక్క చెప్పాడు. జనం గ్లాసులు పట్టుకుని శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒక పెద్దాయన ఆయన భుజం తట్టి, “అన్నంటే నువ్వయ్యా. తమ్ముడి తప్పు నెత్తినేసుకోవడానికి ఈ రోజుల్లో ఎవడొస్తాడు?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఎంత గట్టిగా చెబితే అంత గొప్పవాడవుతున్నాడు. ఆయన మీటరు అబద్ధమాడదన్న సంగతి పేటకు ఆయన కంటే బాగా తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. పెద్దమ్మ బట్టలు మడతపెడుతోంది. పిల్ల, ఇప్పుడు పదిహేనేళ్ళది, పెరటి గుమ్మంలో చదువుకుంటోంది. మేస్త్రి ఆ పిల్లను మేడ మీదికి రమ్మన్నాడు. రానంది. ఆయన జీవితంలో మొదటిసారి దాని ముందు చేతులు జోడించాడు. పెద్దమ్మ చేతిలోని బట్ట జారిపోయింది. పిల్ల లేచి వెనకే మెట్లెక్కి, గది గుమ్మం బయట ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు.

తమ్ముడు కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. మేస్త్రి నేల మీద, అతని కాళ్ళ దగ్గర కూర్చుని, పుస్తకంతో మొదలుపెట్టి చక్రం దాకా అంతా వరసగా చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. ఫోనులో తానన్న మాట కూడా విడిచిపెట్టలేదు.

తమ్ముడు తెలిసినవాళ్ళ ఇంటి దారి అడిగినంత మామూలుగా అన్నాడు:

“ఎంతైతే ఏముంది అన్నయ్యా. లారీ అక్కడే ఉంది. తను ఆ వైపే కూర్చుంది.”

“నువ్వు చంపలేదురా.”

“రెండేళ్ళు నేనే చంపానని ఒప్పుకుని బతికాను. అదొక్కటే అలవాటైంది. ఇప్పుడు కాదంటే, ఇంకేం పట్టుకుని లేవను?”

తమ్ముడు కోపగించుకుని ఉంటే, చెంప మీద కొట్టి ఉంటే, మేస్త్రికి కాస్త ఊపిరాడేది. తమ్ముడి మొహంలో కోపానికి కావలసిన సత్తువ కూడా మిగల్లేదు. ఆ గదిలో పోయిన మనిషి తిరిగి రాదు, పోయిన రెండేళ్ళూ తిరిగి రావు; నిజం మాత్రం తీరిగ్గా వచ్చి కూర్చుంది.

గుమ్మం దగ్గర పిల్ల కదిలింది. “పెదనాన్నా, ఇదంతా అప్పుడే ఎందుకు చూడలేదు?” అంది. గొంతులో ఏడుపు లేదు, అందువల్లే వినడం కష్టమైంది.

“చూశాననుకున్నాను తల్లీ.”

పిల్ల గడప దాటి వచ్చి చెయ్యి చాపింది. మేస్త్రి చక్రాన్ని ఆ చేతిలో పెట్టాడు. తండ్రికేసి చూడకుండా, తండ్రికి రెండు మూరల దూరంలో నిలబడి, ఒక పన్నును బొటనవేలితో నొక్కిపట్టుకుని అక్కణ్ణుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయి. తమ్ముడు నెలల తరవాత మొదటిసారి తల ఎత్తి ఆ పెదవులకేసి చూశాడు. ఒక చుట్టు అయింది. ఆ పిల్ల నమ్మలేక రెండోసారి లెక్కపెట్టింది. తరవాత అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు.

చక్రానికి పద్దెనిమిది పళ్ళు ఉన్నాయి. మీటరు పన్నెండుకు కట్టింది. అలాంటి మీటరు మీద ముల్లు నూట ఇరవై చూపిందంటే, ఆ సాయంత్రం కారు వెళ్ళిన వేగం గంటకు ఎనభై కిలోమీటర్లు.